బొమ్మ తీయవలెను

ఫోటోగ్రాఫరుగా నా సర్వీసులో సగం కాలం మనుషులను పక్కకు జరగమని బతిమాలడంలోనే గడిచిపోయింది. మిగతా సగం ఫిల్ము కోసం ఇండెంట్లు రాయడంలో గడిచింది. ఈ రెంటి మధ్యా దొరికిన కాస్త సందులో ఫోటోలు తీశాను. మా పాత ఆఫీసులో ఇప్పుడు పనిచేస్తున్న కుర్రవాళ్ళు వచ్చి, మీ అనుభవాలు ఏవైనా రాసివ్వండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. ఘనకార్యాలు నా దగ్గర లేవు. ఒక తప్పు ఉంది, నిజానికి రెండు. అవే రాస్తున్నాను. ఆఫీసు కాగితాలు రాసే పని మీకూ పడుతుంది కదా, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు.

అరవైల నడిమి కాలం నాటి సంగతి. నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినవాణ్ణి. మా నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. ఆదివారం చర్చి అయ్యాక మా వరసలోనే ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన తన డబ్బా కెమెరా నా చేతికిచ్చి ఇంజన్ల ఫోటోలు తీయించేవాడు. ఆ విద్యతోనే ప్రభుత్వ ప్రచారానికి సంబంధించిన ఒక ఆఫీసులో ఫోటోగ్రాఫరు ఉద్యోగం దొరికింది. నెల్లూరు కోస్తాలో ఒక పట్నంలో వేశారు. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. వాళ్ళ పిల్లలు ఇది చదవవచ్చు.

మామూలుగా నా పని పెద్దమనుషులు రిబ్బన్లు కత్తిరిస్తుంటే ఫోటో తీయడం. అది సుఖమైన పని. రిబ్బను ముందు నిలబడ్డ పెద్దమనిషి కత్తెర పట్టుకుని, నేను తల ఊపేదాకా ఆగుతాడు. అలా రోజులు నడుస్తుండగా రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పట్టణాల్లో పదిమందీ తిరిగే చోట్ల ఉన్న బొమ్మలు, శిల్పాలు, చిత్రాలు, వాటి మధ్య జనం నిత్యజీవితం, ఇవన్నీ ఫోటోలు తీసి పంపాలి. పెద్ద ప్రదర్శన పెడతారట. "జనం కెమెరాను గమనించక సహజముగా ఉండవలెను" అని కింద గీత గీసి మరీ రాశారు.

ఆ గీత గీసినాయన ఒక్క పూట కెమెరా మెడలో వేసుకుని మా ఊరి బజారులో నడిచి ఉంటే ఆ గీత తనే చెరిపేసేవాడు. ఆ రోజుల్లో ఫోటో అంటే మనిషి బతుకులో ఒకటో రెండో. కెమెరా కనిపిస్తే నడిచేవాడు ఆగుతాడు, ఆగినవాడు గుండీలు పెట్టుకుంటాడు. ఇడ్లీలమ్మే ఆమె "ఉండు సార్, చీర మార్చుకోనొస్తా" అని పొయ్యి మీద పాత్ర అలాగే వదిలేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మంగలి అయితే సగం గీసిన గడ్డాన్ని తువ్వాలుతో కప్పేసి, కత్తి దాచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ పని మీరు చేసుకుంటా ఉండండయ్యా" అన్నాను.

"పని రోజూ చేస్తానే ఉంటాం గదా సార్. ఫోటో రోజూ తీస్తారా?" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది, అంతే.

ఇక బొమ్మల సంగతి. మా ఊళ్ళో కూడలిలో ఒక విగ్రహం ఉండేది, దాని నిండా కాకులు. అది తీశాను. తీయదగినది అసలు ఇంకొకటే ఉంది, చేపల మార్కెట్టు తూర్పు గోడ. పొడుగాటి గోడ, మనిషెత్తు కంటే కాస్త ఎక్కువ. దాని మీద ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా మైపాడు వైపు సముద్రపు ఒడ్డు బొమ్మ వేసి ఉండేది. వేసినాయన ఊళ్ళో దుకాణాల బోర్డులు రాసే సాయిబు గారు. అందరూ బాయ్ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆయనకు అప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. ఎవరూ వేయమని అడగలేదు. బోర్డులు రాయగా డబ్బాల అడుగున మిగిలిన రంగులు తెచ్చి, ఒక ఎండాకాలమంతా కూర్చుని వేశారు. సైకిల్ షాపు బోర్డు తాలూకు ఆకుపచ్చ ఎక్కువ మిగిలింది కాబట్టి సముద్రం ఆకుపచ్చగా ఉండేది. సోడా బండి తాలూకు ఎరుపు పడవలకు సరిపోయింది.

చేపలమ్మే ఆడవాళ్ళు ఆ గోడకు వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్ళు. బొమ్మకు వాళ్ళే మేస్త్రీలు. "వంజరం చేప తోక అట్టుండదు బాయ్, మళ్ళీ గియ్యి" అంటే ఆయన మళ్ళీ గీసేవారు. "సముద్రం ఎప్పుడన్నా చూసినావా నువ్వు?" అని ఒకామె అడిగితే, "చూసినా గాని అక్కా, రంగు ఇదే మిగిలింది" అన్నారట. బొమ్మలో తట్ట దించి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఆడమనిషి ఒకామె ఉండేది. అది తానేనని మార్కెట్టులో అందరికంటే పెద్దావిడ ఢంకా బజాయించి చెప్పేది.

ఆ గోడ ఫోటో నాకంటే సాయిబు గారికి ఎక్కువ అవసరం. అంతకు ముందు సంవత్సరం ఒక సినిమా హాలు మీద బ్యానరు రాస్తూ వెదురు కర్రల సారువ మీద నుంచి పడ్డారు. తుంటి ఎముక అతుక్కుంది గానీ నిచ్చెన ఎక్కడం ఇక కుదరదు. దుకాణాల బోర్డులన్నీ పైనే కదా ఉండేది. ఊళ్ళో ఒక స్కూలువాళ్ళు డ్రాయింగు మాస్టరు కావాలన్నారు. నేల మీద నిలబడి చేసే పని ఆయనకు అదొక్కటే. సర్టిఫికెట్లు లేవు. అయినా స్కూలు కమిటీవాళ్ళు కాస్త దయతలచి, "చేసిన పని ఏదన్నా చూపించు, ఫైలులో పెట్టుకునేదానికి వీలుగా చూపించు" అన్నారు. బోర్డులు దుకాణాల మీద వేలాడుతున్నాయి. సినిమా బ్యానర్ల మీద వారం తిరక్కుండా తెల్లరంగు పూసి కొత్త సినిమా రాస్తారు. మిగిలింది ఆ గోడ. గోడను ఎత్తుకుపోయి కమిటీ బల్ల మీద పెట్టలేరు.

"ఎట్టాగూ తీస్తా ఉండారు గదా సార్. నాకో కాపీ ఇయ్యండి" అన్నారు. నేను ఒకటి కాదు, మూడు ఇస్తానన్నాను. మాట ఇచ్చేటప్పుడు నాకు ఎప్పుడూ చెయ్యి పెద్దదే.

మొదటి రోజు వెళ్ళేసరికి సంగతి పొక్కింది. మార్కెట్టు మార్కెట్టంతా గోడ ముందు వరసగా నిలబడింది. ముందు వరస కూర్చుంది, వెనక వరస పీటలెక్కింది. పక్క వీధి నుంచి సోడాల ఆయన సీసాలు పట్టుకుని వచ్చి నడిమధ్య నిలబడ్డాడు. పక్కకు జరగండి అంటే జరిగి ఇంకొకరికి చోటు ఇచ్చారు. గంటసేపు గొంతు పోయేలా అరిచి, విసుగెత్తి ఒక్క ఫ్రేము కొట్టాను. ప్రింటు వేసి చూస్తే నలభై తలకాయలు, వాటిపైన తెరచాప కొసలు రెండు. గోడ లేదు.

రెండోసారి ఒక కానిస్టేబులును వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన మలుపు తిరిగీ తిరగకముందే మార్కెట్టు మొత్తం ఖాళీ. తట్టలు కూడా లేవు. ఎవరి మీద ఏం కేసుందో, ఎందుకు పారిపోయారో నాకు తెలియదు. ఖాళీ మార్కెట్టులో గోడ మాత్రం నిండుగా, అడ్డం లేకుండా కనిపిస్తోంది. అప్పుడైనా తీయాలి కదా? తీయలేదు. జనం సహజంగా ఉండాలన్నారు, జనమే లేరు, ఫిల్ము కరువు రోజులు, దండగ ఎందుకని పెట్టె మూసుకుని వచ్చేశాను. ఆ ఒక్క ఫ్రేము ఖర్చుపెట్టి ఉంటే ఇవాళ మీకు రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మా ఆఫీసరుకు ఓపిక చచ్చింది. "జనం లేకపోతే పోయిరి, సోమవారం గోడ ఒక్కటే తీసి పార్సిలు కట్టు" అన్నాడు. కానిస్టేబులు వద్దు, మార్కెట్టు చూసుకునే మేస్త్రీకి ఒక కాగితం రాస్తే ఆయనే పొద్దున గోడ దగ్గర అడ్డం లేకుండా చూస్తాడని నేనే సలహా చెప్పాను. అక్కడే నా కొంప మునిగింది.

అప్పుడే ఆఫీసుల్లో తెలుగు వాడాలని సర్క్యులరు వచ్చి ఉంది. కాగితంలో ఇంగ్లీషు మాట కనబడితే మా ఆఫీసరు ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేవాడు. ఫోటో అని రాయకూడదు. మా పెద్ద గుమాస్తా గారు చిత్తు రాసి చూపించారు. "సదరు కుడ్యచిత్రమునకు ఛాయాచిత్రగ్రహణము జరుపబడును" అని ఉంది. నేను పగలబడి నవ్వాను.

"ఏందండీ ఇది? మేస్త్రీకి అర్థం గావద్దా? మనం ఇంట్లో ఎట్టా మాట్లాడుకుంటామో అట్టా రాయాల" అన్నాను.

"మాటకు రెండర్థాలు ఉండకూడదు నాయనా, ఆఫీసు కాగితంలో" అన్నారాయన.

ఆయన చాదస్తం ఆయనది అనుకుని కాగితం లాక్కుని నేనే రాశాను. నా అచ్చ తెలుగు మీద నాకు గర్వం. ఇన్నేళ్ళయినా ఒక్క అక్షరం మరిచిపోలేదు. "మార్కెట్టు తూర్పు గోడ మీది బొమ్మ సోమవారం ఉదయం తీయవలెను. కావున తట్టలు, బండ్లు, మనుషులు అడ్డం లేకుండా చూడవలెను. గోడ శుభ్రంగా ఉండవలెను."

మీరు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. నేను మాత్రం కింద సంతకం చేసి, ముద్ర వేయించి పంపాను.

సోమవారం ఎనిమిదింటికి కెమెరాతో వెళ్ళాను. తూర్పు గోడ ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా తెల్లగా ఉంది. సున్నం ఇంకా తడి ఆరలేదు. మేస్త్రీ ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"తెల్లారకముందే మొదలుపెట్టినాం సార్. మీరొచ్చేలోపల అయిపోవాలని నలుగుర్ని పెట్టినా. చూసుకోండి, యాడా మరక లేదు."

"బొమ్మ ఏమైందయ్యా?"

"తీసేసినాం గదా."

"ఎవరు తీసెయ్యమన్నారు?"

"మీరే" అని జేబులోంచి నా కాగితం తీసి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా పైకి చదివాడు. ప్రతి మాటా సరిగ్గానే చదివాడు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు, చెప్పిన పని జరగడం నా సర్వీసు మొత్తంలో చూసింది అదొక్కసారే.

నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. బుద్ధి ఉందా అన్నాను, చదువొచ్చా అన్నాను. జనం పోగయ్యారు. నడుము మీద చెయ్యి వేసుకున్న బొమ్మ తనదని చెప్పుకునే పెద్దావిడ వచ్చి గోడ కేసి చూసి, "నన్ను గూడా గీకేసినారా?" అని మేస్త్రీని అడిగింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె నా వైపు తిరిగి, "పోటో అని రాసేదానికి ఏమొచ్చింది సామీ మీకు? పోటో అంటే మా ఊళ్ళో ఎవురికి తెలీదు?" అంది. సర్క్యులరు గురించి ఆమెకు ఏం చెప్పను?

అంతలో సాయిబు గారు వచ్చారు. గోడ పక్కన నిలబెట్టి ఫోటో తీస్తానని నేనే రమ్మన్నాను. ఇస్త్రీ చొక్కా, కొత్త టోపీ, గడ్డం నున్నగా దువ్వుకుని, తుంటి నొప్పికి కాస్త వంకరగా నడుస్తూ వచ్చారు. గోడను చూశారు. దగ్గరికి వెళ్ళి చూపుడు వేలితో తాకి, వేలికంటిన సున్నాన్ని చూసుకున్నారు.

"గీకినారా, ఊరికే పూసినారా?"

"ఇనప రేకులతో గీకి పూసినాం బాయ్. సార్ శుబ్రంగా ఉండాలని రాసినాడు" అన్నాడు మేస్త్రీ.

"ఎన్ని పూతలు?"

"రెండు."

ఆయన తల ఊపి, బోర్లించిన తట్ట మీద కూర్చున్నారు. గోడ కింద రంగు పెచ్చులైనా మిగిలాయేమోనని నేను వెతికాను. వాటినీ ఊడ్చి చెత్తబండిలో వేసేశారు. నేను మళ్ళీ మేస్త్రీ మీద నోరు చేసుకోబోతే సాయిబు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆయన్ని అనబాకండి సార్. ఉండేది చదివినాడు, చదివింది చేసినాడు." వేలికున్న సున్నం తుడుచుకుని మళ్ళీ అన్నారు, "కమిటీ ఎల్లుండి. మీరొక కాగితం రాసియ్యండి. ఈ గోడ మీద నేనేసిన బొమ్మ ఒకటి ఉండిందని, మీరు చూసినారని. గవర్నమెంటు కాగితం మీద ఉంటే నమ్మతారు."

అడిగింది అంతే. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ పూటే అక్కడే నిలబడి రాసిచ్చి ఉండేవాణ్ణేమో. ఆఫీసుకు వెళ్ళాక రాస్తానన్నాను. ఆఫీసుకు వెళ్ళాక మనిషి మారిపోతాడు, మీకూ అనుభవమే కదా. ఆఫీసరు నా మాట విని, "రాయి, కానీ మన మీదికి రాకుండా రాయి" అన్నాడు. అప్పటికి నా ప్రొబేషను ముగియలేదు. పెళ్ళయి ఏడాది కాలేదు. నేను చూశాను అని రాస్తే, చూసినవాడివి ఎందుకు పోగొట్టావు అంటారు. నా కాగితం వల్ల పోయింది అని రాస్తే మెమో వస్తుంది. రెండు చిత్తులు చింపేశాను. చివరికి పెద్ద గుమాస్తా గారి బల్ల దగ్గరికే వెళ్ళి, "మీ భాషలో రాసిపెట్టండి" అని అడిగాను. ఆయన నా ముఖం కేసి ఒకసారి చూసి, రాసిచ్చారు. "సదరు గోడపై ఒక చిత్రము ఉండెడిదనియు, అది సదరు వ్యక్తిచే రచింపబడినదనియు తెలియవచ్చుచున్నది." అబద్ధం ఒక్కటీ లేదు. నేనూ లేను.

బుధవారం ఆయనతో కలిసి కమిటీకి వెళ్ళాను. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. కాగితంతో పాటు నా మొదటి రోజు ఫోటో కూడా ఇచ్చాను. అది చూసి ముగ్గురికీ హుషారు వచ్చింది. "సోడాలాయన గదా ఇది? సీసాలు పట్టుకోనుండాడు చూడు" అని ఒకరు, "ఈ పిల్ల మా ఇంటికి చేపలు తెస్తాది" అని ఇంకొకరు. పావుగంట అదే గోల. ఆ ఫోటోలో బొమ్మ ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. నాకు బల్ల తన్నాలనిపించింది.

మూడో ఆయన రిటైరైన తాసిల్దారు. ఆయన మాత్రం కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నన్ను అడిగాడు.

"తెలియవచ్చుచున్నది అంటే ఏందబ్బాయ్? ఎవురికి తెలిసింది? ఆ బొమ్మను నువ్వు చూసినావా, లేదా?"

అవును సార్ అంటే అయిపోయేది. రోజూ ఆ గోడ ముందు నుంచే ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. సాయిబు గారు నా పక్కనే నిలబడి ఉన్నారు. నేను, "కాగితంలో ఉండేదే సార్, అంతకు మించి చెప్పేదానికి నాకు అధికారం లేదు" అన్నాను.

తాసిల్దారు కాగితం మడిచి పక్కన పెట్టాడు. "చూసినానని రాసిచ్చేవాడు లేడు, చూసేదానికి బొమ్మా లేదు. ఫైలులో ఏం పెట్టేది?"

సాయిబు గారు నా వైపు ఒకసారి చూశారు. తర్వాత సుద్దముక్క అడిగి, గోడకున్న నల్లబల్ల మీద నాలుగు గీతల్లో తట్ట దించిన ఆడమనిషిని గీశారు. ముగ్గురూ బాగుందన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ నల్లబల్ల ఫైలులో పట్టదు కదా. కెమెరా నా దగ్గర లేదు. సొంత పనికి బయటికి తేకూడదని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాను. ఆ ఉద్యోగం సర్టిఫికెట్టు ఉన్న వేరే ఆయనకు ఇచ్చారు.

సోడాలాయన నడిమధ్య నిలబడ్డ ఫోటోను మా ఆఫీసరు ప్రదర్శనకు పంపాడు. జనజీవితం చక్కగా, సహజంగా వచ్చిందని రాజధాని నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. నా ప్రొబేషను నిక్షేపంగా ముగిసింది. మేస్త్రీని మాత్రం కాగితం సరిగా చదవడం రాదని రాసి వేరే చోటికి మార్చారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

నాలుగేళ్ళ తర్వాత ఏదో రిబ్బను పని మీద జీపులో పోతూ మనుబోలు దగ్గర టీకి ఆగాం. రోడ్డు పక్క పాక కింద లారీ వెనక చెక్కలు నేల మీద పరుచుకుని ఒకాయన రంగులు వేస్తున్నారు. సాయిబు గారే. చెక్కలు విప్పి కిందికి తెచ్చిస్తారు కాబట్టి ఎక్కాల్సిన పని లేదు. నన్ను చూసి లేవబోయారు, నేను వద్దన్నాను. టీ తెప్పించారు. పక్కన నిలబడ్డ లారీ డ్రైవరు నేనెవరని అడిగాడు.

"మా ఊరి ఫోటోల సార్. మార్కెట్టులో నా బొమ్మ తీసింది ఈయనే" అన్నారు.

గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. కుంచె అద్దుకుంటూ మామూలుగా అన్నారు. డ్రైవరు మర్యాదగా స్టూలు లాగి వేశాడు. ఆయన ఏ అర్థంలో అన్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. టీ వేడిగా ఉన్నా ఒక్క గుక్కలో తాగేసి జీపెక్కాను. తప్పు నాదేనని అప్పుడైనా చెప్పవలసింది, చెప్పలేదు. నాకు సిగ్గు వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఇప్పుడు ఆయన లేరు. మార్కెట్టు కూలగొట్టి ఇంకేదో కట్టారు. మెమో ఇచ్చేవాళ్ళూ లేరు, ప్రొబేషనూ లేదు. ఆయన అడిగిన కాగితం ఇన్నాళ్ళకు రాస్తున్నాను. ఏ ఫైలులోనూ పెట్టేది కాదని తెలుసు.

చేపల మార్కెట్టు తూర్పు గోడ మీద ఒక బొమ్మ ఉండేది. ఆకుపచ్చ సముద్రం, ఎర్ర పడవలు, తట్ట దించి నడుము మీద చెయ్యి వేసుకున్న ఒక ఆడమనిషి. దాన్ని వేసింది సాయిబు గారు. నేను చూశాను. దాన్ని చెరిపించింది నేను.